‘అద్దె’ అని రాయని నోటుపుస్తకం

2025 ఏప్రిల్ 10, గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకి రేపల్లెలో మేమున్న ఇంటి పెరట్లో కుళాయి ఆగిపోయింది. టైము ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, మా అక్క రోజూ ఆరింటికి లేచి ఆరుంపావుకి మొహం కడుక్కుని లోపలికి వస్తుంది. ఆ రోజు ఐదు నిమిషాల ముందే వచ్చి గుమ్మంలో నిలబడింది. మొహం పొడిగా ఉంది.

"కుళాయి తిప్పితే గాలి వస్తోందే" అంది.

మా అక్కకి చూపు లేదు. నాకు డెబ్బై మూడు, ఆమెకి డెబ్బై ఏడు. నీటికాసుల వల్ల పదమూడేళ్ళ కిందట ఒక కన్ను, పదేళ్ళ కిందట రెండోది పోయాయి. చూపు మసకబారుతున్న రోజుల్లోనే ఆమె ఆ ఇంటిని అడుగులతో కొలిచి పెట్టుకుంది. మంచం నుంచి వంటగది గుమ్మానికి ఆరు. గుమ్మం దిగితే మెట్లు రెండు. మెట్ల నుంచి కుళాయికి పదకొండు. కుళాయి నుంచి స్నానాలగదికి నాలుగు. వీధి అరుగు నుంచి గేటుకి తొమ్మిది. నేను ముప్పై మూడేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. అంత శ్రద్ధగా ఒక లెక్క నేర్చుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు. తన బట్టలు తనే ఉతుక్కునేది, తన నీళ్ళు తనే పట్టుకునేది. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించేది. "ఈ గేటు లోపల నాకు కళ్ళున్నాయి" అనేది.

నేను ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆ అడుగుల కోసం. ఇల్లు మాది కాదని నాకు తెలుసు.

ఆ ఇంటి కింది వాటాలోకి మేము చేరింది 2009 ఆగస్టు 23, ఆదివారం. రెండు గదులు, వంటగది, పెరడు. పైన ఇంటావిడ ఒక్కతే ఉండేది. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. చేరిన రోజే నేను అడిగాను, కాగితం రాసుకుందామా అని.

"చెల్లెల్ని పెట్టుకుంటూ కాగితం ఏంటమ్మా? ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు" అంది.

అద్దె ప్రతి నెలా ఒకటో తారీఖున ఇస్తానన్నాను. ఆవిడ మొహం ముడుచుకుంది. "ఆ మాట ఇక్కడ అనకండి. ఇది మా అత్తగారు కట్టించిన ఇల్లు. అద్దెకొంప కాదు. మీకు తోచింది ఇవ్వండి, నేను కాదనను" అంది. ఎంత తోచాలో మాత్రం మర్నాడు పనిమనిషి చేత చెప్పి పంపింది.

అప్పటి నుంచి ప్రతి ఒకటో తారీఖున ఒక కవరు మూలకి పసుపు రాసి పైకి తీసుకెళ్ళేదాన్ని. "అక్కడ పెట్టు చెల్లెమ్మా" అనేది, అటు చూడకుండా. కిందికి వచ్చి నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. తారీఖు, మొత్తం. పేజీ పైన మాత్రం ‘అక్కయ్యగారికి ఇచ్చినవి’ అని ఉండేది. అద్దె అని రాస్తే ఎప్పుడైనా చూసి నొచ్చుకుంటుందని అలా రాశాను. ఆవిడకి చదువు రాదని నాకు అప్పటికే తెలుసు. తెలిసీ రాయలేదు.

ఆవిడ 2022 అక్టోబరు 9న పోయింది. కొడుక్కి తెనాలిలో ఇనుప సామాన్ల షాపు. యాభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. నన్ను ‘పిన్నిగారూ’ అని పిలిచేవాడు, నేను ‘అబ్బాయి’ అనేదాన్ని. నెలలో మొదటి ఆదివారం రైల్లో వచ్చి, కాఫీ తాగి, కవరు జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. నేను కొత్త పేజీ తీసి పైన ‘అబ్బాయికి’ అని రాశాను.

2025 జనవరిలో కాఫీ తాగుతూ అన్నాడు. "పాతదైపోయింది కదండి పిన్నిగారూ, తీసేసి మూడంతస్తులు వేద్దామనుకుంటున్నాం. తొందరేం లేదండి."

"అక్క ఉన్నన్నాళ్ళూ ఉండనియ్యి అబ్బాయి. కొత్త ఇంట్లో తను నడవలేదు" అన్నాను.

"అయ్యో, అలాగేనండి" అన్నాడు.

ఏప్రిల్ ఆరో తారీఖు, మొదటి ఆదివారం, అతను రాలేదు. కవరు బీరువాలోనే ఉంది. నాలుగు రోజులకి కుళాయి ఆగింది.

నీళ్ళు కింద తొట్టి నుంచి మోటారుతో పైన ట్యాంకుకి ఎక్కాలి. మోటారు స్విచ్చి మేడ మీద గదిలో ఉంది. ఇంటావిడ ఉన్నప్పుడు ఆ గది తెరిచే ఉండేది, ఆవిడ పోయాక తాళం చెవి మా దగ్గరే ఉంచారు. ఆ ఉదయం చెవి పట్టుకుని మేడ ఎక్కితే తాళం కొత్తది. ఎవరో ముందు రోజు మధ్యాహ్నం వచ్చి మార్చి వెళ్ళారట. మేము నిద్రపోయే వేళ అది.

ఫోను చేశాను. "మోటారు కాలిపోయింది పిన్నిగారూ. మనిషి దొరకట్లేదండి" అన్నాడు.

"మనిషిని నేను తీసుకొస్తాను. తాళం చెవి పంపించు."

"మీకెందుకండి ఈ వయసులో శ్రమ. నేను చూస్తాగా."

అక్క మంచం మీద నుంచే వింటోంది. "కాలితే నాకు వాసన రాదా? కళ్ళు పోయాయి గానీ ముక్కు పోలేదు" అంది.

పక్కింట్లో బైకులకి పంక్చర్లు వేసే ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటి కోడలు మా గోడ మీదుగా పైపు అందించింది. రోజుకి ఆరు బకెట్లు పట్టుకునేవాళ్ళం. వాటిని పెట్టడానికి చోటు మెట్ల పక్కనే దొరికింది. అది అక్క నడిచే దారి. ఏప్రిల్ 16న ఏడో అడుగు దగ్గర బకెట్టు తగిలి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. పసుపు అద్దుతుంటే అంది, "బకెట్టు ఎన్నో అడుగులో పెడుతున్నావో రోజూ చెప్పు. లెక్కలో కలుపుకుంటాను." చెప్పాను. కానీ బకెట్లు రోజూ ఒకే చోట నిలవవు. నిండినది ముందుకి, ఖాళీది వెనక్కి జరుగుతుంది.

అక్క పడకముందే, కుళాయి ఆగిన మర్నాడు, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. అక్కడ హెడ్ కానిస్టేబుల్ కుర్చీ వేయించి, అంతా విన్నాడు. "ఇది మా చేతిలో లేదమ్మా. ఇంటివాళ్ళకీ అద్దెకున్నవాళ్ళకీ మధ్య విషయం. సోమవారం బాపట్ల కలెక్టరాఫీసుకి వెళ్ళి అర్జీ ఇవ్వండి. అక్కడి నుంచి దీనికి సంబంధించిన అధికారికి పంపిస్తారు" అన్నాడు. పద్నాలుగో తారీఖు సోమవారమే గానీ సెలవు. ఆ వారం ఆగి ఇరవై ఒకటిన వెళ్ళాను. అక్కని పక్కింటి కోడలికి అప్పగించి, ఉదయం ఆరూ నలభై బస్సులో చెరుకుపల్లి మీదుగా.

బాపట్లలో ఆఫీసు బయట అర్జీలు రాసే ఒకాయన చిన్న బల్ల వేసుకుని కూర్చున్నాడు. నా వయసుకి పదేళ్ళు తక్కువుంటాయి. నేను చెప్పింది విని, "మంచి కేసే అక్కయ్యగారూ" అన్నాడు. "అద్దెకున్నవాళ్ళకి నీళ్ళూ కరెంటూ ఆపకూడదని చట్టంలోనే ఉంది. అధికారి తల్చుకుంటే నీళ్ళు ఇమ్మని వెంటనే చెప్పొచ్చు. కాగితం ఉందా?"

"లేదండి."

"రసీదులు?"

"లేవు."

"బ్యాంకులో వేసేవారా, ఫోన్లో కొట్టేవారా?"

"కవర్లో పెట్టి ఇచ్చేదాన్ని. పుస్తకంలో రాసుకున్నాను."

పుస్తకం తీసి ఇచ్చాను. నూట ఎనభై ఏడు నెలలు. ఒక్క నెల తప్పలేదు. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని పేజీలు తిప్పుతూ పోయాడు. "బంగారంలాంటి పుస్తకమండి. ఇంత నీటుగా మా ఆఫీసుల్లో కూడా రాయరు" అన్నాడు. తర్వాత మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు. "ఇందులో అద్దె అని ఎక్కడా లేదేంటండి?"

చెప్పాను, ఎందుకు లేదో.

ఆయన జేబులోంచి నీలం పెన్ను తీసి పుస్తకం మీద పెట్టాడు. "పైన చోటుంది. ఒక్క మాట. ఇంటి అద్దె అని రాసేయండి, ప్రతి పేజీకీ అక్కర్లేదు, మొదటి పేజీకి చాలు. అది నిజమే కదా. అబద్ధం రాయమనట్లేదు నేను."

నిజమే. అది అద్దే. కానీ ఆ పేజీ మీద 2009 అని ఉంది. ఆ రోజు నేను ఆ మాట రాయలేదు. ఇవాళ రాసి ఆ తారీఖు కింద పెడితే, మిగతా నూట ఎనభై ఏడు తారీఖులూ దేనికి? ముప్పై మూడేళ్ళు పిల్లల చేత కొట్టివేతలు లేకుండా లెక్క చేయించినదాన్ని. పెన్ను ఆయనకి తిరిగి ఇచ్చేశాను.

"మీలాంటివాళ్ళకి అర్జీ రాయడం కష్టమండి" అని నవ్వి, కాగితం తీశాడు. ఆయన రాసిన దాంట్లో రెండు తారీఖులు తప్పు పడితే దిద్దించాను. మూడోసారి నోరు తెరవబోతే "ఇక చాలండి, పరీక్ష పాసయ్యానా లేదా?" అన్నాడు.

అర్జీ, దానికి రెండు జిరాక్సులు, ఆధార్ కాపీ, కొత్త తాళం ఫోటో ఒకటి. టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చున్నాను. బల్ల దగ్గర అమ్మాయి మర్యాదగా తీసుకుని, నంబరు వేసి, నా కాపీ మీద ముద్ర కొట్టింది. "మీది రేపల్లె కదా అమ్మా. అక్కడి అధికారికే పంపిస్తాం. వాళ్ళే పిలుస్తారు" అంది. నేను రేపల్లె నుంచి మోసుకొచ్చిన కాగితం నాకంటే ముందో వెనకో మళ్ళీ రేపల్లెకే బయలుదేరింది.

పిలుపు రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఈలోపు ఇంకోసారి బాపట్ల వెళ్ళి నంబరు చూపించి అడిగొచ్చాను. వచ్చిందన్నారు, వెళ్ళిందన్నారు. రెండూ నిజమే.

మే 13, మంగళవారం, పదకొండున్నరకి రమ్మన్నారు. నేను పదకొండుకే వెళ్ళాను. పుస్తకం, ఏప్రిల్, మే నెలల కవర్లు రెండూ, పసుపు రాసినవి, సంచిలో ఉన్నాయి. అధికారి గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి పిలిచాక రెండు నిమిషాలకి అబ్బాయి తెనాలి నుంచి వచ్చాడు. చేతిలో అరటిపళ్ళ సంచి. వచ్చీ రాగానే, అధికారికి నమస్కారం పెట్టకముందే, నా కాళ్ళ మీదికి వంగాడు.

నేను చెయ్యి అతని తల మీద పెట్టాను. "చల్లగా ఉండు నాయనా" అన్నాను.

ఆలోచించి చేసింది కాదు. ఎవరైనా కాళ్ళకి దండం పెడితే మా చెయ్యి దానంతటదే లేస్తుంది. నోరు కూడా అంతే. అతను కావాలని వంగాడో, అలవాటుగా వంగాడో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రతి నెలా మా ఇంటికి వచ్చినప్పుడు కూడా అలాగే వంగేవాడు.

నీళ్ళ సంగతి చదివి అధికారి మొహంలోకి వచ్చిన కోపం పోయి నవ్వు వచ్చింది. చదువుతున్న అర్జీ పక్కన పెట్టాడు. "మీవాడేనా అమ్మా?"

"కాదండి. ఇంటాయన."

"పిన్నిగారండి" అన్నాడు అబ్బాయి. "మా అమ్మకి చెల్లెలి లెక్క. మేడ మీద గది తాళం పాతదైతే మార్పించాను. మోటారు కాలింది, బాగుచేయిస్తాను. ఈ ఎండల్లో ఇంత దూరం తిప్పించుకోవాలా సార్, ఒక్క ఫోను చేస్తే సరిపోయేదానికి?"

చేసిన ఫోన్లు పదకొండని చెప్పాను. తారీఖులతో చెప్పాను. అధికారి విని, "అద్దె ఎంతమ్మా?" అని అడిగాడు. పుస్తకం ఇచ్చాను. తిరగేసి, "అక్కయ్యగారికి ఇచ్చినవి. అక్కయ్యంటే కళ్ళు లేవన్నారు, ఆవిడా?" అన్నాడు.

"కాదండి. ఆమె మా సొంత అక్క. ఈ అక్కయ్యగారు ఇంటావిడ. ఈ అబ్బాయి తల్లి."

"మరి ఇక్కడ అబ్బాయి అంటే?"

"ఈయనేనండి."

గుమస్తా కాగితం చాటున నవ్వాడు. అధికారి నవ్వలేదు. "ఇవి అద్దేనా బాబూ?" అని అతన్ని అడిగాడు.

"అమ్మ ఒక్కతే ఉండేది కదండి. సరుకులకీ మందులకీ పిన్నిగారు చూసుకునేవారు. మనలో మనకి అద్దేంటి సార్?"

నేను రెండు కవర్లూ తీసి బల్ల మీద పెట్టాను. "ఏప్రిల్, మే. తీసుకో అబ్బాయి."

"వద్దండి పిన్నిగారూ" అన్నాడు, కవర్లు నా వైపు జరిపి. "మీ దగ్గర డబ్బులు తీసుకుంటే మా అమ్మ ఊరుకుంటుందా?"

పక్కింటి కోడలిని సాక్షిగా తీసుకెళ్ళాను. ఆ పిల్ల అబద్ధం చెప్పదు, అందుకే తీసుకెళ్ళాను. అధికారి అడిగితే చీర కొంగు సర్దుకుని అంది, "నీళ్ళు రాని మాట నిజమేనండి. మేమే ఇస్తున్నాం. అద్దెకున్నారని మాకు తెలీదండి. పైన పెద్దమ్మగారి చెల్లెలనే అనుకున్నాం. ఆవిడ అలాగే చెప్పేది." తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "తప్పు చెప్పానా అమ్మమ్మా?" అంది.

"లేదు తల్లీ, ఉన్నదే చెప్పావు" అన్నాను.

అధికారి నాతో మాట్లాడినంతసేపూ గౌరవంగానే మాట్లాడాడు. "మీరు ఆ ఇంట్లో ఉన్నట్టు రుజువుందమ్మా. ఆధార్‌లో ఉంది, ఓటరు కార్డులో ఉంది. అద్దెకి ఉన్నట్టు ఒక్క ముక్క లేదు. అద్దెకున్నారని తేలితేనే ఆ చట్టం కింద నేను ఏదైనా చెప్పగలను. బంధువుల మధ్య గొడవైతే కోర్టుకి వెళ్ళాలి." అబ్బాయితో మాత్రం, "నీళ్ళు ఇవ్వవయ్యా, పెద్దవాళ్ళు" అన్నాడు. "తప్పకుండా సార్" అన్నాడు అతను. బయటికొచ్చాక అరటిపళ్ళ సంచి నా చేతిలో పెట్టాడు. పెద్దపిన్నిగారికి ఇష్టమని తెచ్చాడట.

మే 19న కాగితం వచ్చింది. అర్జీదారు సదరు ఇంటిలో నివసిస్తున్నట్లు తెలుస్తున్నదనీ, అద్దెదారు అనడానికి ఆధారం లేనందున అర్జీ ముగించడమైనదనీ నాలుగు వరుసలు. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. నేను దిద్దాల్సిన అక్షరం కూడా లేదు.

అక్కకి చదివి వినిపించాను. "లెక్కల టీచరువి. ఒక్క మాట రాసుకోలేకపోయావే" అంది. తిట్టు కాదు. అయినా ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మే 23న తెనాలి వెళ్ళి ఒక వకీలుని కలిశాను. కేసు వేయొచ్చన్నాడు. నిలబడుతుందని కూడా అన్నాడు. పుస్తకం, సాక్షులు, నా పింఛను డబ్బు ఒకటో తారీఖున తీసిన బ్యాంకు లెక్క, అన్నీ కలిపి చూపించాలి. కొంత కాలం పడుతుంది, రెండేళ్ళు అనుకోండి అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే అక్క అడిగింది, "నాకు ఎంత కాలం ఉందో కనుక్కున్నావా ఆయన్ని?"

అప్పటికీ కేసు వేద్దామనే అనుకున్నాను. జూన్ 8, ఆదివారం, ఆరింటికి అక్క లేవలేదు. ఆరుంపావైంది. ఆరున్నరైంది. లోపలికి వెళ్ళి చూస్తే మెలకువగానే ఉంది. మంచం మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"ఏంటే, లేవలేదు?"

"చెంబుతో నీళ్ళు తెచ్చిపెట్టు. ఇక్కడే కడుక్కుంటాను" అంది.

అరవై రోజులు. మెట్ల దగ్గర బకెట్లు, పెరట్లో పైపు, తడి నేల. ఆమె ఏ అడుగునీ నమ్మడం మానేసింది. ఇల్లు ఖాళీ చేయకముందే ఆ ఇల్లు ఆమెకి పోయింది. నేను మాత్రం చేతిలో ముద్ర కొట్టిన కాపీ పెట్టుకుని ఇంకా దాన్ని కాపాడుతున్నాననుకున్నాను. ఇక కోర్టులో గెలిచి ఏం తెచ్చివ్వాలి ఆమెకి? ఆ మధ్యాహ్నం ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. "నెలాఖరుకి వెళ్ళిపోతాం అబ్బాయి" అన్నాను. "మీ ఇష్టమండి పిన్నిగారూ. మిమ్మల్ని పొమ్మని నేను అనలేదు" అన్నాడు. అది నిజమే. అతను ఒక్కసారి కూడా అనలేదు.

జూన్ 29, ఆదివారం. ఉదయం ఏడున్నరకి అతనే చిన్న లారీ మాట్లాడుకుని వచ్చాడు. మేడ మీద గది తాళం తీశాడు. పనివాళ్ళు మర్నాడు వస్తారు, వాళ్ళకి నీళ్ళు కావాలి. ఐదు నిమిషాలకి మోటారు శబ్దం వినిపించింది. కాలిన మోటారు శబ్దం కాదు.

అక్క తల ఎత్తింది. నేను చెయ్యి అందించాను, పట్టుకోలేదు. బకెట్లన్నీ అప్పటికే లారీలో ఉన్నాయి, పెరడు ఖాళీగా ఉంది. ఆరు అడుగులు వేసింది. రెండు మెట్లు దిగింది. పదకొండు అడుగులు నడిచి, చెయ్యి చాపి, తడుముకోకుండా కుళాయి పట్టుకుంది. మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. పెరటి గుమ్మంలో అబ్బాయి నిలబడి చూస్తున్నాడు. మంచం ఒక వైపు తనే పట్టుకుని లారీ ఎక్కించాడు. పది నలభైకి బయలుదేరాం. ఈసారి అతను వంగలేదు, నేను చెయ్యి ఎత్తలేదు.

ఇప్పుడు తెనాలిలో ఒక వాటాలో ఉంటున్నాం. పదకొండు నెలలకి స్టాంపు కాగితం రాసుకున్నాం. అందులో ‘అద్దె’ అనే మాట పద్నాలుగుసార్లు ఉంది. ఇంటాయనని ‘ఓనర్‌గారూ’ అని పిలుస్తాను. నెలనెలా బ్యాంకులో వేసి, రసీదు తీసుకుంటాను. పాత నోటుపుస్తకం చివరి పేజీలో ఒక వరుస రాసి ఉంది: ‘ఈ పుస్తకంలోవన్నీ ఇంటి అద్దె. ఈ మాట రాసిన తేదీ 2025 మే 13.’ ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చి రాశాను. ఎవరికీ చూపించలేదు.

ఇక్కడ కుళాయి మంచానికి దగ్గరే. ఎన్ని అడుగులో నేను లెక్కపెట్టి చెప్పాను. అయినా అక్క నేను చెంబు తెచ్చేదాకా కూర్చునే ఉంటుంది.

పోయినవి రాస్తున్నాను. పదిహేనేళ్ళ పది నెలల ఆరు రోజులు ఉన్న ఇల్లు ఒకటి. నీళ్ళు లేని రోజులు ఎనభై. బాపట్ల ప్రయాణాలు రెండు, తెనాలి ప్రయాణం ఒకటి, రేపల్లెలో ఆఫీసు మెట్లు ఎక్కింది నాలుగుసార్లు. అర్జీ ఒకటి. పిన్నిగారూ అనే పిలుపు ఒకటి. సమయానికి రాయని మాట ఒకటి. మా అక్క అడుగులు, మెట్లతో కలిపి, ముప్పై రెండు.